కొత్త తోలు బూట్లు కాలు కరవకుండా, వానాకాలానికి బూజు పట్టకుండా ఏం చేయాలి

కొండ ప్రయాణం పెట్టుకున్న ప్రతిసారీ రెండు రోజుల ముందు నాకు ఒకటే ఫోను వస్తుంది. "అన్నా, కొత్త తోలు బూట్లు కొన్నాను. ఆదివారం మహేంద్రగిరికి అవే వేసుకొచ్చేస్తాను, పర్లేదు కదా?" పర్లేదని ఒక్కసారి కూడా అనలేకపోయాను. శుక్రవారం కొన్న బూటు ఆదివారం కొండ మీద కరుస్తుంది. 1501 మీటర్ల ఎత్తున్న కొండకి సగం దారిలో మడమ చర్మం లేచిపోతే, పైకి వెళ్ళలేరు సరికదా, కిందికి దిగడానికీ అదే బూటు వేసుకోవాలి. శివరాత్రికి మన మందస వైపు నుంచి చెప్పులతో, ఉత్తి కాళ్ళతో ఎక్కేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి లేని బాధ కొత్త బూటు వేసుకున్నవాడికి వస్తుంది.

వానాకాలం అయ్యాక రెండో ఫోను. "అటక మీద పెట్టిన బూట్లు తెల్లగా బూజు పట్టేశాయి, ఇప్పుడు ఏటి చెయ్యాలి?" ఈ రెంటికీ జవాబు ఒక్కచోట రాసి పెడుతున్నాను. శ్రీకాకుళం, విజయనగరం గాలిలో ఉండే తేమనీ, మన ఎండనీ దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. చలిదేశాలవాళ్ళు చెప్పే పద్ధతులు కొన్ని ఇక్కడ పనిచేయవు.

ముందే ఒక మాట. మామూలు తోలు బూటు కాలికి అలవాటు పడడానికి మూడు వారాలు పెట్టుకోండి. తోలు బాగా మందంగా ఉంటే ఐదారు వారాలు పడుతుంది. మీ ప్రయాణం వచ్చే వారమే అయితే తోలు బూట్లు ఇంట్లో ఉంచి, రోజూ నడిచే పాత స్పోర్ట్స్ షూస్‌తోనే వెళ్ళండి. గుడ్డతో చేసిన తేలిక బూట్లయితే రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి. తోలుకి ఆ వీలు లేదు.

ఏమేం కావాలి

- ఉన్ని కలిసిన మందపాటి సాక్సు, లేదా సింథటిక్ స్పోర్ట్స్ సాక్సు, 2 జతలు. స్కూలు పిల్లలు వేసుకునే నూలు సాక్సు వద్దు. అవి చెమట పీల్చుకుని తడిగుడ్డలా కాలికి అంటుకుంటాయి, తడి చర్మం త్వరగా ఒరుసుకుపోతుంది.
- లోపల వేసుకోవడానికి పల్చటి సాక్సు 1 జత.
- మందుల షాపులో దొరికే గుడ్డ ప్లాస్టర్ చుట్ట. చిన్న చిన్న బ్యాండ్-ఎయిడ్లు చెమటకి ఊడిపోయి, ముడుచుకుని ఇంకా గుచ్చుకుంటాయి.
- తేనె మైనం కలిసిన లెదర్ వాక్స్ చిన్న డబ్బా. షూ పాలిష్ దీనికి బదులు కాదు. పాలిష్ రంగునీ మెరుపునీ ఇస్తుంది, తోలుకి కావలసినంత జిడ్డు ఇవ్వదు.
- పాత టూత్‌బ్రష్, పాత బనీను గుడ్డ, పాత పేపర్లు.
- ఒక జత అదనపు లేసులు.

వాక్స్ కొనేముందు మీ బూటు తోలు ఏ రకమో చూడండి. వేలితో గట్టిగా గీస్తే ఏమీ మారకుండా నున్నగా ఉంటే వాక్స్ వాడొచ్చు. గీసిన చోట రంగు మారి, అరచేత్తో నిమిరితే మళ్ళీ కలిసిపోతుంటే అది నూగు తోలు, అంటే నూబక్ గానీ స్వెడ్ గానీ. దానికి మైనం రాస్తే నూగు అణిగిపోయి నల్లగా అవుతుంది. ఆ రకానికి బ్రష్షూ, స్ప్రే చేసే మందూ విడిగా దొరుకుతాయి, అవే వాడండి.

కొనేటప్పుడే చూసుకోవలసింది

ఎంత అలవాటు చేసినా సైజు చిన్న బూటు పెద్దదవదు. తోలు అడ్డంగా కాస్త సాగుతుంది, పొడవు మాత్రం పెరగదు. సాయంత్రం పూట కొనండి, అప్పటికి కాళ్ళు కొద్దిగా పొంగి ఉంటాయి. మీరు కొండకి వేసుకునే సాక్సే షాపుకి పట్టుకెళ్ళండి. లేసులు కట్టకుండా కాలిని ముందుకంటా తోసి నిలబడితే, మడమ వెనక ఒక వేలు దూరాలి.

అసలు పరీక్ష వాలు మీద. మన ఇళ్ళన్నిటికీ గుమ్మం ముందు బండి ఎక్కించే ర్యాంపు ఉంటుంది కదా, అది దీనికి సరిగ్గా సరిపోతుంది. బూట్లు ఒక సంచిలో తెచ్చి, ర్యాంపు మీద పాత గోనెపట్టా పరిచి, లేసులు బిగించి కట్టుకుని, కిందికి ముఖం పెట్టి నిలబడండి. రెండు మూడుసార్లు కాళ్ళు నేలకేసి తట్టండి. బొటనవేలు ముందు గోడకి తగిలితే ఆ సైజు మీది కాదు. దిగేటప్పుడు రెండు గంటల పాటు ఆ తగలడం కొనసాగితే గోరు నల్లబడుతుంది. వెంటనే వెనక్కిచ్చి మార్చుకోండి. అందుకే బిల్లు దాచుకోమనీ, మొదటి రోజుల్లో సోలుకి మట్టి అంటనివ్వొద్దనీ చెప్తాను.

అలవాటు చేసే పద్ధతి

1. మొదటి 4 రోజులు ఇంట్లోనే. రోజుకి ఒక గంట, తుడిచిన నేల మీద. వంట చేస్తూ, ఫోను మాట్లాడుతూ తిరగండి. ఈ గంటలో కాళ్ళ కంటే ముఖ్యం లేసులు. తోలు మొదటిసారి ఎక్కడ మడత పడుతుందో, ఆ తర్వాత ఎప్పుడూ అక్కడే మడత పడుతుంది. నాలుక, అంటే లేసుల కింద ఉండే తోలు పట్టీ, ఒక పక్కకి జరిగి ఉండగా కట్టేసి నడిచారా, ఆ వంకర మడతే మిగిలిపోయి పాదం పైభాగాన్ని రోజూ నొక్కుతుంది.

కాబట్టి ప్రతిసారీ ఇలా కట్టండి. లేసులన్నీ కిందిదాకా వదులు చేయండి. కాలు పెట్టి, మడమని నేలకి రెండుసార్లు తట్టి వెనక్కి కూర్చోబెట్టండి. నాలుకని నడిమధ్యకి లాగండి. వేళ్ళ దగ్గర వదులుగా, పాదం వంపు దగ్గర గట్టిగా, చీలమండ దగ్గర మధ్యస్థంగా బిగించండి. చాలామంది పైరెండు కొక్కేల దగ్గర మాత్రం బలంగా లాగి ముడి వేసేస్తారు. అప్పుడు కింద పాదం బూటులో అటూ ఇటూ జారుతూనే ఉంటుంది, ఒరుపు అక్కడే పుడుతుంది.

2. 5వ రోజు నుంచి 10వ రోజు వరకూ వీధిలోకి. ఉదయం పాలపేకెట్టుకి, సాయంత్రం రైతుబజారుకి వేసుకెళ్ళండి. అరగంటతో మొదలుపెట్టి గంటన్నర దాకా పెంచండి. నడిచే వెళ్ళండి. బండి మీద వెళ్తే కాలు వంగదు, పైగా గేరు రాడ్డు ఎడమ బూటు మీద తోలుని గీసేస్తుంది. ఆ గీత ఇక పోదు.

నడుస్తుండగా ఎక్కడైనా వేడిగా, సన్నగా మంట అనిపించిందా? అక్కడే ఆగిపోండి. అది పొక్కు రాబోతోందని చర్మం చెప్పే కబురు. ఇంటికెళ్ళాక చూద్దాం అనుకుంటే వెళ్ళేసరికి పొక్కు లేచి ఉంటుంది. బూటు విప్పి, చెమట తుడిచి, ఆ చోట గుడ్డ ప్లాస్టరు ముడతల్లేకుండా అంటించండి. ప్లాస్టరు మూలలు కత్తెరతో గుండ్రంగా కత్తిరిస్తే సాక్సుకి తగిలి లేచిపోదు.

3. 10వ రోజు నుంచి మెట్లు. మేడ మెట్లు చాలు, 10 సార్లు ఎక్కి దిగండి. అపార్ట్‌మెంటులో ఉంటే లిఫ్టు మానేయండి. ఎక్కేటప్పుడు మడమ లేస్తోందా, దిగేటప్పుడు వేళ్ళు తగులుతున్నాయా అన్నది చూడండి. కొత్త బూటులో మడమ అర అంగుళం లోపు లేవడం మామూలే, సోలు మెత్తబడ్డాక తగ్గుతుంది. అంతకన్నా ఎక్కువ లేస్తుంటే కింద చెప్పిన మెలిక వేయండి.

4. బరువుతో. వీపు సంచిలో 5 కేజీల బియ్యం పెట్టుకుని అదే వీధి, అవే మెట్లు. బరువు మోస్తే పాదం వెడల్పవుతుంది, ఒట్టి చేతులతో నడిచినప్పుడు సరిపోయిన బూటు అప్పుడు పక్కలు పట్టేస్తుంది. ఈ బరువు నడక వదిలేసినవాళ్ళే కొండ మీద చిటికెన వేలు పట్టుకుని కూర్చుంటారు.

5. చిన్న కొండ. శ్రీకాకుళం వాళ్ళకి వంశధార ఒడ్డున శాలిహుండం, విజయనగరం వాళ్ళకి రామతీర్థం దగ్గర గురుభక్తులకొండ. రెండూ బౌద్ధ శిథిలాలున్న కొండలు, ఎక్కి, చూసి, దిగి అదే పూట ఇంటికి వచ్చేయొచ్చు. సంచిలో చెప్పుల జత పెట్టుకోవడం మర్చిపోవద్దు. కరవడం మొదలైతే పట్టుదలకి పోకుండా చెప్పులేసుకుని దిగిపోండి. ఎండాకాలమైతే తెల్లవారుజామునే వెళ్ళి 9 గంటల లోపు దిగేయండి, చెమట పట్టిన కాలికి ఎంత మంచి బూటయినా బరువే.

ఇంటికొచ్చాక సాక్సు విప్పి పాదాలని వెలుతుర్లో చూడండి. గులాబీ రంగు మచ్చ ఉండి పది నిమిషాల్లో పోతే మంచిదే. గంటయినా ఎర్రగా ఉంటే అక్కడ ఇంకా పని మిగిలి ఉంది. పైన 2, 3 అంకెల కింద చెప్పిన పనులు మరో వారం చేయండి.

6. ఆ తర్వాతే మహేంద్రగిరి గానీ, సాలూరు మీదుగా వెళ్ళే ఒడిశాలోని దేవమాలి కొండ గానీ.

అలవాటు పడిందని ఎలా తెలుస్తుంది? వేళ్ళ వెనక మడత రెండు బూట్లలో ఒకే చోట, ఒకే తీరున కనిపిస్తుంది. పాదం కింద ఉండే లోపలి అట్ట (ఇన్‌సోల్) బయటికి తీసి చూస్తే మీ మడమ, వేళ్ళ గుర్తులు పడి ఉంటాయి. లేసులు కట్టాక మళ్ళీ మళ్ళీ సర్దుకోవాలని అనిపించదు. రెండు గంటలు నడిచినా బూటు సంగతి గుర్తురాదు. ఈ నాలుగూ ఉంటే బయల్దేరండి.

ఎక్కడ కరుస్తోందో చూసి మందు వేయండి

మడమ వెనక: కాలు లోపల పైకీ కిందికీ కదులుతోందన్నమాట. పాదం మీది రంధ్రాలు అయిపోయి కొక్కేలు మొదలయ్యే చోట, రెండు లేసులనీ ఒకదాని చుట్టూ ఒకటి రెండుసార్లు మెలిపెట్టి, గట్టిగా లాగి, అప్పుడు కొక్కేలకి తగిలించండి. ఆ రెండు మెలికలు కింది బిగువుని జారనివ్వవు. పల్చటి సాక్సు మీద మందపాటిది వేసుకుంటే రాపిడి సాక్సుకీ సాక్సుకీ మధ్య జరుగుతుంది, చర్మానికి చేరదు.

పాదం పైభాగం: నొప్పి ఉన్నచోట లేసుల అడ్డం తీసేయండి. ఆ రెండు రంధ్రాల మధ్య లేసుని అడ్డంగా వేయకుండా, నిలువుగా పై రంధ్రానికి పోనివ్వండి.

చిటికెన వేలు పక్క: ఇది తోలు సాగవలసిన చోటు. చెప్పులు కుట్టే ఆయన దగ్గర చెక్క అచ్చులు ఉంటాయి, సరిగ్గా ఎక్కడ నొక్కుతోందో పెన్సిలుతో గుర్తు పెట్టి ఇవ్వండి. ఒక రాత్రి అచ్చు మీద ఉంచితే చాలా తేడా వస్తుంది. బూటు మొత్తం వెడల్పు చేయమని చెప్పకండి, మడమ వదులైపోతుంది.

బొటనవేలు ముందు: గోళ్ళు తీయండి. అయినా తగులుతుంటే అది సైజు తప్పు, ఇంకో ఉపాయం లేదు.

పొక్కు లేచేస్తే పైచర్మం పీకకండి, అదే లోపలి పుండుకి కాపు. దానంతట అది అణిగేదాకా ఆ బూటు పక్కన పెట్టండి. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం చిన్న పొక్కునైనా తేలిగ్గా తీసుకోవద్దు. పాదాల స్పర్శ తగ్గి ఉంటే బూటు కరుస్తున్న సంగతే తెలియదు. రోజూ కాళ్ళు చూసుకోండి, పుండు పడితే డాక్టరుకి చూపించండి.

ఎవరు చెప్పినా చేయకూడనివి

బూట్లని నీళ్ళలో నానబెట్టి, కాళ్ళ మీదే ఆరేదాకా నడవమని మిలిటరీలో చేసి వచ్చిన పెద్దలు చెప్తుంటారు. మన రెండు జిల్లాల్లో అలాంటి పెద్దలు లేని ఊరు తక్కువ, వాళ్ళ మాట మీద నాకు గౌరవమే. కానీ వాళ్ళు చెప్పేది ఆనాటి కుట్టు బూట్ల సంగతి. ఇప్పటి వాటిలో గమ్ము, అట్ట, స్పాంజి పొరలు ఉంటాయి. నానబెడితే గమ్ము వదులుతుంది, తోలు ఆరేటప్పుడు బిగుసుకుంటుంది.

ఆముదం, కొబ్బరినూనె రాయమనేవాళ్ళూ ఉన్నారు. మా తాత కిర్రు చెప్పులకి ఆముదం పట్టించేవాడు, అవి ఏళ్ళ తరబడి నడిచాయి. మందపాటి చెప్పు తోలు మెత్తబడితే హాయి. కొండ బూటు చీలమండ దగ్గర మెత్తబడితే మాత్రం రాళ్ళ మీద కాలు మడత పడినప్పుడు ఆపేది ఏదీ ఉండదు. నూనె కుట్ల గుండా దిగి సోలు గమ్ముని కూడా వదులు చేస్తుంది. పైగా రాత్రికి ఎలకలూ బొద్దింకలూ ఆ వాసనకి వస్తాయి.

హెయిర్ డ్రయ్యరు, పొయ్యి పక్క, ఎండలో ఆపిన కారు డిక్కీ, ఇవన్నీ ఒకటే కోవ. దీని గురించి నా అనుభవం చెప్పాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వెళ్ళాక ఉద్దానంలో మూడు రోజులు తిరిగాను. వేళ్ళతో సహా కూలిన కొబ్బరిచెట్లు దాటుకుంటూ, మోకాలి దాకా నీళ్ళలో. బూట్లు మూడు రోజులూ తడి మీదే ఉన్నాయి. ఇంటికొచ్చాక మర్నాడు మళ్ళీ వెళ్ళాలన్న టెన్షన్‌లో గ్యాసు పొయ్యి పక్కన పెట్టి పడుకున్నాను. పొద్దున తీసి చూస్తే ఎండిపోయాయి, చేతికి అప్పడంలా గట్టిగా తగిలాయి. కాలు పెట్టి ఒక్క అడుగు వేశాను. బొటనవేలి మడత దగ్గర చిన్న చప్పుడు. గోరు పొడుగున తోలు పగిలింది, లోపల బూడిదరంగు పీచు కనిపిస్తోంది. నాలుగేళ్ళు నాతో ఉన్న జత అది. మైనం ఎంత పట్టించినా ఆ పగులు మూసుకోలేదు, ఆ వానాకాలం తర్వాత అందులోంచే నీళ్ళు దిగేవి. రోహిణి కార్తె ఎండలో రోళ్ళు పగులుతాయంటారు, తడి తోలు ఎంత. ఎండలో మేడ మీద ఆరేసినా ఇదే జరుగుతుంది.

నడిచి వచ్చాక

రోజూ చేయాల్సింది ఐదు నిమిషాల పని. లేసులు పూర్తిగా వదులు చేసి నాలుక ముందుకి లాగండి. లోపలి అట్ట బయటికి తీసి విడిగా నిలబెట్టండి. ఒక రోజు చెమటంతా ఆ అట్ట కిందే ఉంటుంది, వాసన మొదలయ్యేదీ అక్కడే. మట్టి ఆరాక బ్రష్షుతో దులపండి. మన ఎర్రమట్టి మడతల్లో ఉండిపోతే నడిచినప్పుడల్లా ఇసుక కాగితంలా తోలుని లోపలి నుంచి తింటుంది. వరుసగా రెండు రోజులు ఒకే జత వేసుకోకుండా ఉండగలిగితే ఇంకా మంచిది.

కళింగపట్నం, భావనపాడు తీరాల్లో ఇసుక మీద నడిచి సముద్రపు నీళ్ళు తగిలితే ఆ రోజే మంచినీళ్ళ గుడ్డతో రెండుమూడుసార్లు తుడవండి. ఉప్పు ఆరిపోతే తోలులో తేమనంతా లాగేసి బిరుసు చేస్తుంది.

పూర్తిగా తడిస్తే: పైన మట్టి కడిగేయండి. పేపరు ఉండలు చేసి వేళ్ళ దాకా కూరండి. గంటకోసారి ఆ పేపరు తీసి పొడిది పెట్టండి, మొదటి మూడు నాలుగు సార్లు ఇది తప్పదు. పేపరు పెట్టేసి తెల్లారేదాకా మర్చిపోవడం అందరూ చేసే తప్పు. తడి పేపరు లోపలే ఉండి బూజుకి పరుపు వేస్తుంది. లోపలి లైనింగు లేత రంగుదైతే అచ్చు లేని కాగితం వాడండి, సిరా అంటుతుంది. ఆ తర్వాత నీడలో, ఫ్యాను గాలికి, పక్కకి పడుకోబెట్టి ఉంచండి, సోలుకి కూడా గాలి తగులుతుంది. వానాకాలంలో రెండు మూడు రోజులు పడుతుంది. లోపల నీళ్ళు ఆపే పొర ఉన్న గోర్-టెక్స్ రకమైతే ఇంకా ఆలస్యమవుతుంది.

ఆరిందో లేదో పైన తాకితే తెలియదు. చెయ్యి వేళ్ళ దాకా లోపలికి పెట్టి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

మైనం ఎప్పుడు, ఎంత

బూటు మీద ఒక నీటి బొట్టు వేయండి. తామరాకు మీద లాగా గుండ్రంగా నిలిచిందా, మైనం అక్కర్లేదు. నిమిషంలో ఇంకిపోయి ఆ చోట నల్లబడిందా, రాయాల్సిన సమయం వచ్చింది. మన దగ్గర మామూలుగా జూన్‌లో వానలకి ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి, మధ్యలో బాగా తడిసి ఆరిన ప్రతిసారీ.

శుభ్రం చేసి, కొద్దిగా చెమ్మ మాత్రం మిగిలి ఉన్నప్పుడు రాయండి. ఒక బూటు మొత్తానికి ఉసిరికాయంత కూడా అక్కర్లేదు, శనగ గింజంత తీసుకుని వేలి వేడితో కరిగిస్తూ కుట్లు, మడతలు, నాలుక అతుకుతో మొదలుపెట్టండి. కావాలంటే మళ్ళీ అంతే తీసుకోండి. రాత్రంతా ఉంచి, పొద్దున బనీను గుడ్డతో మిగిలింది తుడిచేయండి. తుడవకపోతే దుమ్మంతా అంటుకుంటుంది. రంగు కొంచెం ముదురుతుంది, కంగారు పడకండి. ముందు చీలమండ లోపలివైపు రాసి చూస్తే ఎంత ముదురుతుందో తెలుస్తుంది. కొత్త జతకి మొదటి వారంలో ఒక్కసారి, పల్చగా, కుట్ల మీద చాలు.

తెల్లగా పట్టింది బూజేనా?

కాకపోవచ్చు. తెల్లటి పొర మీద వేలు కాసేపు గట్టిగా ఆనించి ఉంచండి. వేలి వేడికి కరిగి మాయమైతే అది తోలులోని మైనం పైకి తేలినది, గుడ్డతో రుద్దితే చాలు. తడిగుడ్డతో తుడిస్తే పోయి, ఆరాక అలల గీతలా మళ్ళీ వస్తే ఉప్పు, అది చెమటది కూడా కావచ్చు. నూగుగా ఉండి, మూసిన గది వాసన వేస్తే అది బూజు.

బూజు పట్టిన జతని ఇంట్లో దులపకండి, ఆ పొడి పక్కనున్న బెల్టులకీ బ్యాగులకీ పాకుతుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆరుబయట తుడవండి. తెల్ల వెనిగరు, నీళ్ళు సమానంగా కలిపి గుడ్డ తడిపి పిండి, పైనా లోపలా తుడవండి. రంగు ఊడుతుందేమో ముందు చిన్న చోట చూసుకోండి. తుడిచిన గుడ్డ పారేయండి. లేసులు సబ్బునీళ్ళలో ఉతకండి. నీడలో రెండు రోజులు ఆరాక పల్చగా మైనం పట్టించండి. లోపలి అట్టకి బూజు దిగితే దాన్ని మార్చేయడమే నయం.

మళ్ళీ రాకుండా ఉండాలంటే ప్లాస్టిక్ కవర్లో కట్టి అటక ఎక్కించొద్దు. తేమని లోపల పెట్టి మూట కట్టినట్టే అది. గుడ్డ సంచిలో, గాలి ఆడే అరలో, నేలకి ఎత్తులో పెట్టండి. కొత్త బూట్ల డబ్బాలో వచ్చిన సిలికా జెల్ పొట్లాలు లోపల వేయండి, కానీ పాతబడ్డ పొట్లాలు తేమ పీల్చడం మానేస్తాయి, వాటిని మార్చాలి. జూలై నుంచి నవంబరు దాకా 15 రోజులకోసారి బయటికి తీసి ఒక గంట వేసుకుని తిరగండి. ఆ వేసుకునేముందు ప్రతిసారీ బూటు తలకిందులు చేసి రెండుసార్లు తట్టండి. వానల్లో తేలో, జెర్రో, కప్పపిల్లో లోపల ఉండడం మన ఇళ్ళలో కొత్త కాదు.

సోలు సంగతి

వాడకుండా దాచిన బూటు కొత్తగానే ఉంటుందని అనుకోకండి. చాలా బూట్లలో నడిమి సోలు పాలీయురేథేన్ అనే స్పాంజితో చేస్తారు. గాలిలో తేమ తగిలి తగిలి కొన్నేళ్ళకి అది లోపల్లోపలే కుళ్ళుతుంది. వాడుతున్న జత కంటే అటక మీద పడుకున్న జతే ముందు పోతుంది. నా స్నేహితుడొకడు ఏళ్ళ తరబడి దాచుకున్న జత వేసుకుని శృంగవరపుకోట దగ్గర పుణ్యగిరికి వచ్చాడు. పైన తోలు మెరుస్తోంది. అరగంట నడిచాక అడుగడుగుకీ వెనక నల్లటి రవ్వ రాలడం మొదలైంది. ఇంకాసేపటికి కుడి సోలు మొసలి నోరులా తెరుచుకుంది. తువ్వాలు చింపి పాదానికీ సోలుకీ కలిపి కట్టి దింపాం.

అందుకే ఏ పెద్ద ప్రయాణానికైనా పది రోజుల ముందు ఇలా చూడండి. సోలుకీ తోలుకీ మధ్యనున్న స్పాంజి పొరని బొటనవేలి గోరుతో నొక్కండి. నొక్కు పడి తిరిగి లేస్తే బాగుంది. గోరు దిగబడితే, జిగటగా తగిలితే, సన్నటి పగుళ్ళు కనిపిస్తే ఆ జతతో కొండెక్కొద్దు. తర్వాత బూటుని ముందు భాగంలో వంచి, అంచు వెంబడి ఎక్కడైనా నోరు తెరుస్తోందా చూడండి. అంచు మాత్రమే లేచి స్పాంజి గట్టిగా ఉంటే చెప్పులు కుట్టే ఆయన గమ్ము పెట్టి చుట్టూ కుట్టు వేస్తారు, అది బాగానే నిలుస్తుంది. ఫెవిక్విక్ లాంటిది మీరే పోసేయకండి. అది రాయిలా గట్టిపడి, సోలు వంగినప్పుడు పక్కనే కొత్త పగులు తెస్తుంది, ఆ తర్వాత ఏ గమ్మూ అక్కడ పట్టదు. చివరిగా లేసులు వేలి మధ్య జార్చి చూడండి, ఎక్కడైనా పీచు లేచి ఉంటే ఇంట్లోనే మార్చేసి, పాతవాటిలో గట్టిది ఒకటి సంచి అడుగున వేసుకోండి.